సౌండ్ పెంచితే ఆగిపోయే ఆంప్లిఫయర్

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద ఇరవై ఆరేళ్లు ఆంప్లిఫయర్లు, టేప్‌రికార్డర్లు, మైకు సెట్లు బాగుచేశాను. చాలావరకు బాగయ్యాయి. కానివాటి గురించే ఈ రాత.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య వచ్చి, అనుభవం ఏదైనా చెప్పమన్నారు. సర్క్యూట్ బొమ్మలు నాకంటే బాగా గీసేవాళ్లున్నారు. ఏ ట్రాన్సిస్టర్ బదులు ఏది వేయాలో చెప్పే పుస్తకాలున్నాయి. నేను ఎక్కడ బోర్లా పడ్డానో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అందుకని ఒకే ఒక్క జబ్బు తీసుకుంటాను: తక్కువ సౌండ్‌లో బాగా పాడి, పెంచగానే టక్కుమని ఆగిపోయే ఆంప్లిఫయర్. నా దుకాణంలోకి ఎక్కువగా వచ్చిన జబ్బు ఇదే. నన్ను ఎక్కువగా నవ్వులపాలు చేసిందీ ఇదే.

కౌంటరు వెనక పెరిగినవాణ్ణి

మా నాయినది మేడ్చల్ బజారులో కిరాణా దుకాణం. చిన్నాయనది పక్కనే బట్టల దుకాణం. మేనమామది ఎదురుగా ఇనుప సామాన్ల దుకాణం. మా ఇంట్లో పిల్లలకు మాటలతోపాటే బేరం వచ్చేది. చెప్పిన ధరకు మారు మాట్లాడకుండా కొనుక్కుపోయే మనిషిని చూస్తే, పాపం ఇంట్లో ఏం కష్టం వచ్చిందో అని మా అవ్వ నిజంగానే బాధపడేది.

నాయినకు రెండు పద్ధతులు ఉండేవి. మొదటిది, ధర తగ్గించడు. పప్పు తూచి, ముల్లు నిలిచాక, పొట్లం కట్టబోతూ ఇంకో గుప్పెడు వేస్తాడు. చక్కెర కొన్న ఇంటి పిల్ల చేతిలో బెల్లం ముక్క పెడతాడు. అది కొసరు. కొన్నామె ఇంటికి పోయి కిలో పప్పు తెచ్చానని చెబుతుంది తప్ప, కిలో మీద గుప్పెడు తెచ్చానని చెప్పదు. నాయినా అంతే, అమ్మింది కిలో అనే అంటాడు. ఆ గుప్పెడు ఇద్దరికీ తెలుసు, ఇద్దరి నోటా రాదు.

రెండోది, కౌంటరు దిగడు. "గిరాకీ మన గడప ఎక్కాలె బిడ్డా. మనం పోయి వాళ్ల గడప ఎక్కినమా, అక్కడ వాళ్లే సేట్లు" అనేవాడు. ఈ రెండు పద్ధతులూ నేను నా పనిలోకి తెచ్చుకున్నాను. పప్పు దుకాణానికి పనికొచ్చిన పద్ధతి కరెంటు దుకాణానికి పనికొస్తుందో లేదో ఆలోచించలేదు.

ఉస్తాద్ ప్రశ్నలు

పని నేర్చుకున్నది కోఠీలో, ఒక ముసలి ఉస్తాద్ దగ్గర. ఆయన చేతిలో సెట్టు పెడితే పావుగంట దాకా స్క్రూ విప్పేవాడు కాదు. ముందు కూర్చోబెట్టి అడిగేవాడు. ఎక్కడ పెడతారు, కింద ఏం పరుస్తారు, వెనక గోడ ఎంత దూరం, వైరు ఎంత పొడవు, సౌండ్ పెంచేది ఎవరు, ఆగిపోయినప్పుడు పక్కన ఇంకా ఏమేం నడుస్తున్నాయి. ఒకసారి ఒకాయనకు విసుగొచ్చి, "నేను సెట్టు బాగుచేసుకుందామని వచ్చిన్నా, నీకు పిల్లనిద్దామని వచ్చిన్నా?" అన్నాడు. ఉస్తాద్ నవ్వి, "పిల్లనిచ్చేటోళ్లు ఇన్ని అడగరు సాబ్" అన్నాడు.

ఆయనకు చేతులు వణుకుతాయి కాబట్టి మాటలతో కాలం గడుపుతున్నాడని నేననుకునేవాణ్ణి. ఆయన అడుగుతుండగానే నేను నాలుగు స్క్రూలు విప్పేసేవాణ్ణి. ఆయన నన్ను చూసి, "నీ చేయి జల్దీ, నోరు ఆలస్యం. బేరం కాడ మాత్రం ఉల్టా" అనేవాడు. దాన్ని కూడా మెచ్చుకోలే అనుకున్నాను.

సత్తార్ భాయ్ సెట్టు

తొంభైల్లో సొంత దుకాణం పెట్టాక నాకు దొరికిన మంచి గిరాకీల్లో సత్తార్ భాయ్ ఒకడు. శామీర్‌పేట వైపు పల్లెలో ఉండేవాడు. కొద్దిగా భూమి ఉంటే అందులో కూరగాయలు పండించేవాడు. తర్వాత ఒక స్టీరియో ఆంప్లిఫయర్, నాలుగు సౌండ్ బాక్సులు కొని పెళ్లిళ్లకు, బోనాలకు, ఊరి పండుగలకు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టాడు. నేను దుకాణదార్ల బిడ్డనని తెలిసి, సోల్డరింగ్ పొగలో కూర్చున్న నన్ను కూడా "సేటూ" అని పిలిచేవాడు. అందులో సగం మర్యాద, సగం వెక్కిరింత.

ఒకసారి వచ్చి గోడు వెళ్లబోసుకున్నాడు. మేడ్చల్‌లో ఇంకొకడు సెట్టు పెట్టి కిరాయి తగ్గిస్తున్నాడట.

"నేను గూడ తగ్గియ్యాల్నా సేటూ?"

నన్ను బేరం గురించి సలహా అడిగితే నాకు పండుగే. "రేటు తగ్గియ్యకు భాయ్. ఒక్కపారి దిగినంక మళ్ల ఎక్కది. మీదికెల్లి కొసరు ఇయ్యి. మనిషికి కొసరుల ఉన్న ఖుషీ దేంట్ల ఉండది" అన్నాను. ఒక గంట ఎక్కువ వాయించడమో, ఇంకో మైకు ఇవ్వడమో, అలాంటిదేదో నా మనసులో ఉంది. ఆయన తలూపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత సీజన్‌లో ఆయనకు పని బాగా దొరికింది. నా సలహా వల్లేనని పదిమందికి చెప్పుకున్నాను కూడా.

ఆ మరుసటి ఎండాకాలం ఆంప్లిఫయర్ భుజాన వేసుకుని వచ్చాడు.

"సెట్టు ఇజ్జత్ తీస్తాంది సేటూ. చిన్న సౌండ్‌ల మస్తు పాడుతది. పోరలు డాన్స్ మొదలువెట్టి 'పెంచు భాయ్, పెంచు' అంటరు. పెంచుత. టక్! బంద్. రెండు నిమిషాలకు మళ్ల దానంతట అదే వస్తది. అప్పటిదాంక అందరు చేతులు లేపి అట్లనే నిలవడి నా మొకమే సూస్తుంటరు."

ఉస్తాద్ నేర్పిన ప్రశ్న ఒకటి నేనూ అడిగాను. "ఎన్ని బాక్సులు పెడ్తున్నవ్?"

"నాలుగు. నీకు తెల్వదా? దిక్కుకు రెండు."

ఇక్కడ కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రతి బాక్సు కరెంటును కొంత అడ్డుకుంటుంది. ఆ అడ్డును ఓముల్లో కొలుస్తాం. సత్తార్ బాక్సులు ఒక్కొక్కటి ఎనిమిది ఓములు. ఒకే వైపు రెండు బాక్సులు పక్కపక్కన కలిపితే నీళ్లకు ఇంకో దారి తెరిచినట్టు అడ్డు సగమవుతుంది, నాలుగు ఓములు. నాలుగుకు తగ్గొద్దని ఆంప్లిఫయర్ వీపు మీదే రాసి ఉంటుంది. తగ్గితే కరెంటు మితిమీరి పారుతుంది. సౌండ్ తక్కువగా ఉన్నంతసేపూ అది తెలియదు. పెంచినప్పుడు లోపల రిలే అనే చిన్న స్విచ్చు టక్కుమని తెగి, బాక్సుల్ని విడదీసి సెట్టును కాపాడుతుంది. ఆ టక్కు జబ్బు కాదు, జబ్బును ఆపుతున్న కాపలా.

దిక్కుకు రెండు అన్నాడు కాబట్టి నాలుగు ఓములు. సరిపోయింది. ఇక ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మూత తెరిచాను.

సెట్టును బామ్మర్ది కోళ్లఫారంలో దాచేవాడట, లోపల దాణా దుమ్ము వేలు మందాన పేరుకుని ఉంది. వేడిని లాగేసే అల్యూమినియం రెక్కలు కనబడలేదు. ట్రాన్సిస్టర్ల కింద పూసే తెల్లటి పేస్టు ఎండి సున్నంలా రాలింది. వేడెక్కితే కూడా ఇలాగే ఆగిపోతుంది. దొరికిందనుకుని శుభ్రంగా తుడిచి, కొత్త పేస్టు పూసి, నా రెండు టెస్టు బాక్సులకు తగిలించి పెంచాను. పెంచడం అంటే సగం దాకానే. పక్క గదిలో హోమియో డాక్టరు గోడ మీద గుద్దేవాడు. "సీసలల్ల గోళీలు ఎగురుతున్నయ్ వయా!" అని అరిచేవాడు. ఆయన పుణ్యమా అని నా దుకాణంలో ఏ సెట్టూ ఎన్నడూ సగం దాటి పాడలేదు.

నా కౌంటరు మీద, నా రెండు బాక్సులతో, డాక్టరు ఓర్చుకున్నంత సౌండ్‌లో, అది ఆగలేదు. బాగైందనడానికి నా దగ్గరున్న రుజువు అంతే.

రెండోసారి

వారంలో తిరిగొచ్చాడు. అదే టక్కు.

ఈసారి కరెంటును అనుమానించాను. శామీర్‌పేట చుట్టూ అప్పట్లో ద్రాక్షతోటలు ఎక్కువ. బోరు మోటర్లన్నీ ఒక్కసారి మొదలైతే ఊళ్లో బల్బులు ఎర్రబడేవి. లోపలి పెద్ద కెపాసిటర్లు రెండూ మార్చి, స్టెబిలైజర్ కొనుక్కోమని చెప్పాను. పాపం, కొన్నాడు. సెట్టు కంటే స్టెబిలైజర్ బరువు ఎక్కువ. ఆ తర్వాతి పెళ్లిలో స్టెబిలైజర్ వెలుగుతూనే ఉంది, సెట్టు ఆగింది.

ఆ రెండోసారి వచ్చినప్పుడే, "ఒక్కపారి పెండ్లి జాగకొచ్చి సూడు సేటూ. ఆటో కిరాయి నాది. పెండ్లి బువ్వ ఎట్లనన్న వాళ్లది" అన్నాడు.

"నేనొస్తే దుకాణం ఎవరు సూస్తరు?"

దుకాణం చూడటానికేముంది, షట్టర్ దించితే సరిపోయేది. నాయిన మాట నా వెన్నులో ఉంది. గడప దిగితే చిన్నవాణ్ణయిపోతానని.

ఆ రోజుల్లో నన్ను నేను గొప్పవాణ్ణి అనుకోవడానికి కారణాలు కూడా ఉన్నాయి. కొంపల్లిలో కొత్తగా కట్టిన ఇళ్ల నుంచి ఒక ఉద్యోగి మంచి స్టీరియో తెచ్చాడు, ఇదే జబ్బుతో. "మీద ఏమన్న కప్పుతరా సార్?" అని అడిగాను. ఆయన భార్య స్వయంగా అల్లిన ఊలు గుడ్డ కప్పుతుందట, దుమ్ము పడకుండా. గాలి రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. ఆ గుడ్డ టీవీకి కప్పమని పంపించేశాను. గాజులరామారం నుంచి వచ్చిన ఇంకో సెట్టులో బాక్సు వైరు చివర వెంట్రుకంత పోగు ఒకటి పక్క పోగుకు తగులుతోంది. గట్టిగా మోగినప్పుడు అదిరి అంటుకునేది. రెండు నిమిషాల పని. మూత కూడా తీయలేదు. ఇలాంటివి రెండు గెలిస్తే మూడోది వినడం మానేస్తాం.

నేను చేసిన తప్పు

మూడోసారి వచ్చినప్పుడు సత్తార్ "సేటూ" అనలేదు. స్టూలు మీద కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇగ రెండు పెండ్లిళ్లే ఉన్నయి. ఎల్లుండి మా ఊరి కాడ ఒకటి. ఆ తర్వాత ఐతారం దేవరయాంజాల్‌ల ఇంకోటి. గా పెండ్లిపిల్ల మేనమామ కొంపల్లిల ఫంక్షన్ హాల్ సూస్తడు. సౌండ్ మంచిగుంటే హాల్ పనంత నాకే ఇస్తనన్నడు. ఇట్లనే ఆగిందనుకో, సెట్టు అమ్మేసి మా బామ్మర్ది కోళ్లఫారంల దాన పోస్త. ఇంట్ల గూడ చెప్పిన."

మళ్లీ తెరిచి, అంతా కొలిచాను. ఎక్కడా తప్పు లేదు. లేదు కాబట్టి కాపలాదారుదే తప్పని నిర్ణయించాను. రిలే ముసలిదైంది, ఊరికే బెదురుతోంది అనుకున్నాను. కొత్త రిలే తేవాలంటే సిటీకి పోవాలి. అంగుళం తీగ ముక్క తీసుకుని రిలే రెండు కాళ్ల మధ్య సోల్డర్ చేశాను. ఇక అది తెగినా తెగనట్టే. సౌండ్ ఆ తీగ మీదుగా పోతూనే ఉంటుంది.

"ఇగ ఆగది, పో భాయ్" అన్నాను.

ఏం చేశానో చెప్పలేదు. అడిగితే సెట్టింగ్ మార్చానని చెబుదామనుకున్నాను. ఆయన అడగలేదు.

మీరు ఈ పనిలో ఉన్నంతకాలం ఎవరో ఒకరు స్టూలు మీద టోపీ తీసి కూర్చుంటారు. ఆ మొహం చూసి కాపలా తీసేయాలనిపిస్తుంది. ఆ ఒక్కరోజు అవమానం భరించి "నాకు తెలియడం లేదు" అనండి. ఆ మూడు మాటలు అనలేకపోవడం వల్ల జరిగిన నష్టం కిందుంది.

మూడు బాక్సులు

పెళ్లి మరుసటి రోజు పొద్దున ట్రాలీ ఆటో నా దుకాణం ముందు ఆగింది. సత్తార్ ఒక్కో బాక్సూ మోసుకొచ్చి కౌంటరు ముందు వరసగా పెట్టాడు. చివరగా ఆంప్లిఫయర్.

"నీ మాట నిజమే. ఆగలే" అన్నాడు. "కాలింది."

బాక్సుల ముందు గుడ్డలు నల్లబడి ఉన్నాయి. కాలిన కాగితం, లక్క కలిసిన వాసన.

"పెండ్లికొడుకు అవ్వ వీపు నొస్తుందని బాక్సుకు ఆనుకొని కూసున్నది. దడదడకు వీపు పట్టినట్టుంటదంట. 'ఏందిరా కాలిన వాసనొస్తాంది' అన్నది. ఎవ్వరు ఇనలే. పొగ సూసినంక పక్కకు గుంజిండ్రు. ఎవరో పప్పు గిన్నెల నీళ్లు తెచ్చి కొట్టిండ్రు. ఇంకొంచెం సేపైతే పైన షామియానా గుడ్డ అంటుకుంటుండె సేటూ."

"అవ్వకు?"

"ఏం గాలే. చీరకు మసి. నన్ను మాత్రం తిట్టనితిట్టు లేదు. తిట్టాలె గద."

అప్పటిదాకా నేను సోల్డరింగ్ పొగను మించిన పొగ గురించి ఆలోచించలేదు. నేను తీసేసిన కాపలా సెట్టును ఒక్కదాన్నే కాయడం లేదు. ఆ బాక్సుకు ఆనుకుని కూర్చున్న ముసలమ్మను కూడా కాస్తోంది.

మూత తెరిచాను. ఎడమ వైపు పెద్ద ట్రాన్సిస్టర్లు కాలి, కరెంటు తిన్నగా బాక్సుల్లోకి పోయింది. మధ్యలో నా తీగ ముక్క తళతళ మెరుస్తూ కూర్చుని ఉంది. ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి రంగు కాగితం చుట్టి ఉంది. పెళ్లి మధ్యలో ఫ్యూజు పోతే సత్తార్ చుట్టాడట. ఇద్దరు కాపలాదార్లలో ఒకణ్ణి నేను కట్టేశాను, ఇంకొకణ్ణి ఆయన.

ఒక వైపు కాలినవి ఎన్నో అని చూశాను. కౌంటరు ముందు ఏం పెట్టినా లెక్కపెట్టడం పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒకటి, రెండు, మూడు.

"ఎడమ దిక్కే కాలింది గద భాయ్. కుడి దిక్కు బాక్సు గూడ తెచ్చినవా?"

"లే. మూడు ఎడమ దిక్కుయే."

"దిక్కుకు రెండంటివి!"

"దిక్కుకు రెండే." మూడో బాక్సు మీద చేయి వేశాడు. "గిది కొసరుది."

నేను మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టాను.

"నువ్వే చెప్తివి గద సేటూ, రేటు తగ్గియ్యకు, కొసరు ఇయ్యి అని. పోయిన ఏడు ఒక గంట ఎక్కువ వాయించిన, ఈ ఏడు పాతయి రెండు కొన్న. నాలుగు బాక్సులకు బేరం. దిక్కుకు ఒకటి కొసరు. మస్తు ఖుషీ అయితరు."

నాలుగు అని ఆయన మొదటి రోజే చెప్పాడు. అబద్ధం చెప్పలేదు. కిలో పప్పు అమ్మానని మా నాయిన చెప్పినంత నిజంగా చెప్పాడు. దిక్కుకు మూడు కలిస్తే నాలుగు ఓముల అడ్డు రెండున్నరకు కాస్త పైదాకా పడిపోతుంది. ఆంప్లిఫయర్ మాత్రం కొసరును కూడా తూకంలోనే వేసుకుంది. పెంచిన ప్రతిసారీ రిలే తన పని తాను సక్రమంగా చేసింది. జాగకు పోయి ఒక్కసారి చూసుంటే, లేక "కొసరుతో కలిపి ఎన్ని?" అని అడిగుంటే, రెండు నిమిషాల పని.

ఓముల లెక్క చెప్పాను. ఆయన నెమ్మదిగా వింటూ వచ్చి, చివరికి నుదురు కొట్టుకున్నాడు.

"అంటే నేనే కాల్చుకున్ననన్నట్టు. నా కొసరే నా కొంప ముంచె. తప్పు నాదే సేటూ, నిన్ను ఊకె పరేషాన్ జేసిన."

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన ఆటోవాడితో మాట్లాడటానికి బయటికి వెళ్లినప్పుడు, ఆ తీగ ముక్కను సోల్డరింగ్ ఐరన్‌తో ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాను. ఎదుటివాడు తనంతట తాను నష్టం ఒప్పుకుంటుంటే మధ్యలో నోరు తెరవకూడదనేది మా బజారులో మొదటి పాఠం.

దేవరయాంజాల్

ఆదివారానికి నాలుగు రోజులుంది. నేనే సిటీకి పోయి అసలైన ట్రాన్సిస్టర్లు, కొత్త రిలే, సరైన ఫ్యూజులు తెచ్చి వేశాను. కాలిన మూడు బాక్సుల్లో ఒకదాంట్లోకి నా టెస్టు బాక్సులోని స్పీకర్ విప్పి అప్పటి మందం బిగించాను. అలా పాడే బాక్సులు నాలుగయ్యాయి. మిగిలిన రెండూ ఉత్త డొల్లలు.

"మేనమామకు ఆరు అని మాటిచ్చిన సేటూ. నాలుగు, మీద రెండు కొసరు. నాలుగే కనవడితే గొడవ పెట్టుకుంటడు."

"ఆరు పెడ్దాం. నాలుగే పాడుతయి."

ఆ ఆదివారం పొద్దున షట్టర్ దించి, జీవితంలో మొదటిసారి గిరాకీ వెంట జాగకు పోయాను. డొల్ల బాక్సులకు ముందు కొత్త నల్లగుడ్డ బిగించి అటొకటి ఇటొకటి నిలబెట్టాము. ఇది మోసమే. ఆరు బాక్సులు చూపించి నాలుగింటి సౌండ్ అమ్మడం. అప్పుడు దాన్ని తెలివి అనుకున్నాను, ఇప్పుడు అనుకోవడం లేదు. మీరైతే బాక్సులు పెంచాలంటే ఇంకో ఆంప్లిఫయర్ పెట్టండి. సత్తార్ కూడా తర్వాత అదే చేశాడు.

ముహూర్తం అయిపోయి, భోజనాలయ్యాక, మధ్యాహ్నం ఎండలోనే డాన్సు మొదలైంది. మేనమామ బుర్రమీసాల మనిషి, తెల్ల చొక్కా. సరాసరి మా దగ్గరికే వచ్చాడు.

"ఏం భాయ్, ఇంతేనా? పెంచు!"

సత్తార్ నా వైపు చూశాడు. నేను తలూపాను. ఆయన నాబ్ మీద వేలు పెట్టాడు. కొద్దిగా తిప్పాడు. ఇంకొద్దిగా. ఎప్పుడూ టక్కుమనే చోటు దాటింది. నేను ఆంప్లిఫయర్ మూత మీద చెయ్యి పెట్టి ఉంచాను. వెచ్చగా ఉంది, అంతే. పాట అయిపోయింది. ఇంకోటి మొదలైంది. ఎవరూ చేతులు లేపి మా మొహం చూడలేదు.

నాలుగు పాటల తర్వాత మేనమామ చెమటలు కక్కుతూ వచ్చి, ఎడమవైపు చివరన ఉన్న డొల్ల బాక్సును దబదబా తట్టాడు.

"సూసినవా భాయ్! నేను గట్టిగ బేరం జేసి రెండు కొసరు పెట్టించిన గాబట్టే గింత సౌండ్ వస్తాంది. నువ్వు నాలుగే పెడ్తనంటివి. హాల్ కాడ గూడ ఇట్లనే ఆరు పెట్టాలె, ఇప్పుడే చెప్తున్న."

"తప్పకుంట పెడ్త సాబ్" అన్నాడు సత్తార్. మేనమామ పోయాక స్టెబిలైజర్ మీదే కూర్చుండిపోయాడు.

జేబులో తీగ

కాసేపటికి ఆయనే విస్తరి తెచ్చి నా ముందు పెట్టాడు.

"తిను సేటూ. నువ్వు రాకుంటే ఇయ్యాల దాన పోస్తుండె. నా తప్పుకు నువ్వు గింత తిరిగినవ్."

నేను బాగా బేరమాడే మనిషినే. మొహం చూసి ఎదుటివాడు ఎంతకు దిగుతాడో చెప్పగలను. ఆ క్షణంలో నేను ఏమీ అనకపోతే ఈ లెక్క నాకే లాభంగా ముగుస్తుంది, జన్మంతా ఆయన నాకు దండం పెడుతూనే ఉంటాడు. ఆ దండం మోయలేననిపించింది. జేబులోంచి తీగ ముక్క తీసి విస్తరి పక్కన పెట్టాను.

"ఇదేంది?"

"గా రోజు 'ఇగ ఆగది పో' అన్నగద. గిది పెట్టే అన్న. గిది లేకుంటే పెండ్లిల మళ్ల టక్కుమని ఆగుతుండె. నీ ఇజ్జత్ పోతుండె గని, బాక్సులు కాలకపోతుండె. అవ్వ వీపు కాడికి పొగ రాకపోతుండె."

ఆయన ఆ తీగను తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"గా అవ్వకు ఏమన్న అయితే?" అన్నాడు.

నేను విస్తరి పక్కకు జరిపాను.

"మూడు బాక్సులకు కొత్త స్పీకర్లు నేను వేసిస్త" అన్నాను.

"రెండు" అన్నాడు. "ఫ్యూజు కాడ సిగరెట్ కాగితం నాది గద. ఒకటి నాది."

"మూడు నేనే..."

"సేటూ, నీకు బేరం జేసుడు వస్తదంటరు, నువ్వేంది ఉల్టా జేస్తున్నవ్? రెండంటే రెండే." కొంచెం ఆగి, "మరి కొసరేంది?" అన్నాడు.

"ఏం గావాలె?"

"గీ తీగ."

అక్కడికక్కడే దాన్ని ఆంప్లిఫయర్ పక్కనున్న ఇనుప పిడికి రెండు చుట్లు చుట్టి ముడేశాడు. తర్వాత విస్తరి నా ముందుకు జరిపి, "తిను, సల్లగైతాంది" అన్నాడు.

ఆ తర్వాత పదేళ్లకు పైగా ఆ సెట్టు నా దుకాణానికి వస్తూ పోతూ ఉంది. ఒకసారి నాబ్, ఒకసారి ఫ్యాను, ఒకసారి ఎలుక కొరికిన వైరు. కొంపల్లి హాలు పనితో సత్తార్ ఇంకో రెండు ఆంప్లిఫయర్లు కొన్నాడు గానీ దీన్ని మాత్రం అమ్మలేదు. తెచ్చిన ప్రతిసారీ కౌంటరు మీద తీగ చుట్టిన పిడి నా వైపుకు ఉండేలా పెట్టేవాడు. నేను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, స్టూలు ఆయన వైపు జరిపి, ముందు అడిగేవాణ్ణి.

"కొసరుతో కలిపి ఎన్ని భాయ్?"